క్లచ్‌లో గాలి

నా భార్య నన్ను వదిలేసి పోవడానికి కావలసిన బండిని బాగు చేసింది నేనే. నవ్వాలనుంటే నవ్వుకోండి. మా వీధి వీధంతా ఇప్పటికే నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు.

అడెల్ఫా ఆ మాట ఆదివారం అన్నం దగ్గర చెప్పింది. "బోంతోక్‌లో మా అక్క హోటల్లో వంటకి మనిషి కావాలట. నేను పోతున్నాను. మళ్లీ రాను." అంతే. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. నేను నిర్ఘాంతపోయాను. మాకు పెళ్లయి, పిల్లలు పుట్టి, వాళ్లు కూడా పెళ్లిళ్లు చేసుకుని పోయారు, ఇప్పుడు పోవడమేమిటి? అలా అడిగి ఉంటే బాగుండేది. నేను అడగలేదు, గిన్నెలు అదిరేలా అరిచాను. పో, ఇప్పుడే పో, కాళ్లు పట్టుకుని బతిమాలతాననుకున్నావా అన్నాను. ఆవిడ నా అరుపంతా అయ్యేదాకా ఆగి, ఉప్పు పట్టించి ఎండబెట్టిన పంది మాంసం ముక్క ఒకటి నా కంచంలో వేసింది.

"కుట్టుమిషను కూడా తీసుకుపోతాను," అంది.

కుట్టుమిషను, మూటలు, కోళ్ల బుట్ట పెట్టుకుని నా పెళ్లాం బస్టాండులో నిలబడితే మా కొండ ఊరు బాగియోలో నేను మొహం ఎక్కడ పెట్టుకోను? మెకానిక్ సెబియో పెళ్లాం బస్సెక్కి పారిపోయిందంటారు. అందుకని, "నేనే దింపి వస్తాను. నా బండిలో రాణిలా పో," అన్నాను. రోషం, మరేం లేదు. ఉండిపో అనే మాట గొంతుదాకా వచ్చింది, వచ్చినదల్లా నోట్లోంచి బయటపడేసరికి ఇంకోటయింది. నాకు చిన్నప్పట్నుంచీ అదే రోగం.

బయల్దేరాల్సిన రోజుకి ముందు సాయంత్రం బండి మా ఇంటి ముందు ఏటవాలులోనే చచ్చింది. ఆ ముసలి ఎఫ్ఎక్స్ వ్యాను బండి ఎన్నేళ్లుగానో జనాన్ని కొండ మీదికీ కిందికీ మోసి మోసి అలిసిపోయింది. క్లచ్ పెడల్ తొక్కితే నేలకి అంటుకుపోయింది, వేలితో పైకి లాగాల్సి వచ్చింది. కింద చూస్తే నూనె కారి చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"చూశావా! నువ్వు పోవడం బండికి కూడా ఇష్టం లేదు," అన్నాను.

"బండికి ఇష్టం లేక కాదు, నీకు ఒళ్లొంగక. ఊళ్లోవాళ్ల బండ్లన్నీ బాగుపడతాయి, మన బండి మాత్రం చచ్చాకగానీ నీ కంటికి ఆనదు," అంది అడెల్ఫా.

ఆ మాట నాకు కాలింది. పొద్దున కొత్త సిలిండర్ తెచ్చాను.

మా వృత్తిలో దాన్ని స్లేవ్ సిలిండర్ అంటాం. గుప్పెట్లో పట్టేంత ఉంటుంది, గేర్‌బాక్సు పక్కన కూర్చుంటుంది. పెడల్ తొక్కితే నూనె సన్నటి గొట్టంలో ఒత్తిడిగా వచ్చి దీన్ని తోస్తుంది, ఇది ఒక ఇనుప కడ్డీని తోస్తుంది, ఆ కడ్డీ క్లచ్‌ని కదిపే ఫోర్కుని తోస్తుంది. అప్పుడు ఇంజనుకీ చక్రాలకీ ఉన్న లంకె విడిపోతుంది. కాలు ఎత్తితే మళ్లీ కలుసుకుంటుంది. క్లచ్ అంటే ఇంతే. మా సిలిండర్‌లో రబ్బరు కప్పు అరిగిపోయింది, నూనె నిలవడం లేదు, తోసేవాడు లేడు. ఎంత తొక్కినా ఆ లంకె విడిపోదు.

ఇక బండి నిలబెట్టిన సంగతి. మా వీధి ఎంత వాలంటే పై ఇంటివాళ్ల వాకిలి కింది ఇంటివాళ్ల కప్పుకి సమానం. ఇక్కడ హ్యాండ్ బ్రేక్‌ని నమ్మేవాడు లేడు. మంచుకీ వానకీ దాని తీగ తుప్పు పట్టి ఎప్పుడో తెగి ఉంటుంది, ఎవడూ మళ్లీ వేయించడు. బండి ఆపామంటే మొదటి గేర్లో పెట్టి, వెనక చక్రం కింద ఒక రాయి పెడతాం. గేరు పట్టుకుంటుంది, రాయి కాస్తుంది. మా బండి మూతి పైకి పెట్టుకుని అలాగే నిలబడి ఉంది. గేర్లో ఉందా అని నేనే లాగి చూశాను. రాయి ఉందా అని నేనే కాలితో తన్ని చూశాను. అజాగ్రత్త మనిషినని నన్నెవరూ అనలేరు.

పొద్దున్నే బోంతోక్ నుంచి బస్సులో అడెల్ఫా తమ్ముడు గాస్పర్ దిగాడు, సామాను మోయడానికి. మంచివాడు. మోకాళ్లు పాడై మానేసేదాకా ఆ కొండదారి బస్సుల మీద వెనక నిలబడే కండక్టరుగా జీవితమంతా గడిపాడు. ఆ దారిలో బస్సు ఎక్కడ ఆగినా చక్రం కింద రాయి పెట్టడం, తీయడం వాడి పని. డ్రైవరు ఎక్కి కూర్చుని పెడల్ రెండుసార్లు కొట్టి చూసుకుంటుంటే, కండక్టరు రాయి తీసి బండి ఒంటి మీద అరచేత్తో రెండు చరుపులు చరుస్తాడు. ఒకరినొకరు చూసుకోనక్కర్లేదు, మాటలక్కర్లేదు.

"మనోంగ్, నిజంగానే మా అక్కని పంపించేస్తున్నావా?" అన్నాడు కాఫీ తాగుతూ. అక్కడి వాళ్లకి పెద్దవాళ్లలో మగవాళ్లంతా మనోంగ్, ఆడవాళ్లంతా మనాంగ్, బావైనా అక్కైనా సరే.

"నేను పంపడమేంట్రా! మీ అక్క పోతోంది. నువ్వు మూటలు మొయ్యి, తీర్పులు చెప్పకు."

వాడు నోరు మూసుకుని మూటలు మోయడం మొదలుపెట్టాడు.

నేను గోనెపట్టా పరుచుకుని డ్రైవరు తలుపు కింది నుంచి బండి కిందికి దూరాను. తల గేర్‌బాక్సు కింద, కాళ్లు ఎడమవైపు బయటికి, రెండు చక్రాల మధ్య. పాత సిలిండర్ ఊడదీసి కొత్తది బిగించాను. గొట్టం మరను ముందు వేళ్లతోనే తిప్పాలి, పానా ముందే పెడితే మర చెడిపోతుంది. కడ్డీ కొసకి కాస్త గ్రీజు రాసి ఫోర్కు గుంటలో కూర్చోబెట్టాను. అంతవరకు ఒంటరి పని. ఆ తరవాతది ఇద్దరి పని. లోపలున్న గాలంతా తీయాలి. ఒకరు పెడల్ కొట్టి పట్టుకోవాలి, ఒకరు కింద చిన్న మర విప్పి గాలిని వదలాలి, మళ్లీ బిగించాలి. నూనెలో ఒక్క బుడగ ఉన్నా పెడల్ మెత్తగా జారిపోతుంది, ఫోర్కు కదలదు.

"అడెల్ఫా! ఎక్కి కూర్చో," అని అరిచాను.

ఆవిడకి బండి నడపడం రాదు. నేర్పమని ఒకప్పుడు అడిగింది, నేను నవ్వాను. అందుకని కింద నుంచే పాఠం చెప్పాను. "ఎడమ చివర పెడల్ ఒక్కటే. మిగతావాటి జోలికి పోకు. కొట్టు అంటే కొట్టు, పట్టు అంటే నొక్కి పట్టు. నేను వదులు అనేదాకా కాలు ఎత్తావంటే బయటి గాలంతా లోపలికి పీల్చుకుంటుంది. అర్థమైందా?"

"అరవకుండా చెప్పినా అర్థమయ్యేది."

"కొట్టు!"

"కొడుతున్నా."

"అది కొట్టడమా? చీమని తొక్కినట్టుంది!"

"కాలికి ఏం తగలట్లేదు సెబియో. గాల్లో తొక్కినట్టుంది."

"లోపలుంది గాలే కదా, మరింకెలా ఉంటుంది! కొట్టు! ఇంకా! ఇంకా! పట్టు!"

మర విప్పాను. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోంచి సీసాలోకి నురగ బుసబుసమని వచ్చింది. బిగించాను. "వదులు!"

మళ్లీ కొట్టు, మళ్లీ పట్టు. మధ్యలో లేచి ముందు బానెట్టు కింద డబ్బాలో నూనె పోశాను, అది అడుగంటితే గాలి మళ్లీ దూరుతుంది. ఒకసారి ఆవిడ తొందరపడి నేను చెప్పకుండానే కాలు ఎత్తేసింది. సీసాలోంచి గొట్టం గుటకేసినట్టు వెనక్కి లాక్కుంది. ఇక చూడండి నా నోరు. పైవీధిలో కుక్క కూడా మొరగడం మొదలుపెట్టింది.

"నీకు చెవులున్నాయా? వదులు అన్నానా? నేను అన్నానా?"

పైనుంచి, "ఇవాళ నువ్వు నాతో చాలా మాట్లాడుతున్నావు," అంది.

"ఏం మాట్లాడాను?"

"కొట్టు, పట్టు, వదులు. మామూలు రోజుల్లో ఇన్ని మాటలు కూడా ఉండవు. అన్నం పెట్టు, దీపం ఆర్పు. అంతే."

గాస్పర్ కుట్టుమిషను ఎక్కిస్తూ ముసిముసిగా నవ్వాడు. నా ఒళ్లు మండింది. "కొట్టు!" అన్నాను.

పోనుపోను నురగ తగ్గింది. తరవాత బుడగ, ఎంతోసేపటికి ఇంకో బుడగ. ఆఖరికి తేటగా, తేనె రంగులో సన్నటి ధార వచ్చింది, బుడగ అన్నది లేదు. నాకు గొప్ప సంతోషమేసింది. పని కుదిరితే మనసు ఇంకేదీ పట్టించుకోదు, దేనికోసం చేస్తున్నామో కూడా.

"అయిపోయింది! ఇక బయల్దేరడమే!" అని అరిచాను.

"కోళ్లు తెస్తానుండు మనోంగ్!" అని గాస్పర్ కుడివైపు మెట్లెక్కి ఇంట్లోకి పోయాడు. నేను అక్కడితో లేచి ఉండాల్సింది. లేవలేదు. అడెల్ఫాని బోంతోక్‌కి దింపే దారంతా మలుపులే, క్లచ్ దారిలో మొరాయిస్తే ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. "ఉండు. ఇంకొక్కసారి చూద్దాం. కడ్డీ ఎంత బయటికొస్తోందో కంటితో చూడాలి. మర విప్పను, నువ్వు తొక్కి పట్టుకో చాలు. నేను చెప్పేదాకా ఎత్తకు."

"చెప్పేదాకా ఎత్తను," అంది విసుగ్గా.

గాలి వదిలే మరకి రబ్బరు టోపీ తొడగబోతూ ఆగి, ఎందుకైనా మంచిదని పానా ఆ మర మీదే ఉంచాను. ఊరికే పెడల్ రెండుసార్లు కొట్టించాను, దాని చప్పుడు విందామని. అప్పుడే బండి వెనక కోళ్లు గోల గోలగా అరిచాయి. బండి ఒంటి మీద థప్ థప్‌మని రెండు చరుపులు వినిపించాయి. గాస్పర్ బుట్ట ఎక్కిస్తున్నాడనుకున్నాను. బండి వేలెడంత వెనక్కి సర్దుకుంది. బరువు పడింది కదా అనుకున్నాను.

"తొక్కు! పట్టు!"

నా కళ్ల ముందే కడ్డీ నిండుగా బయటికొచ్చింది. ఫోర్కు పూర్తిగా వెనక్కి ఒరిగింది. ఇన్నేళ్లలో ఇంత శుభ్రంగా కదిలిన క్లచ్‌ని నేను చూడలేదు. "అదీ!" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన ఆఖరి మాట అది.

ఆ తరవాత నా మొహం మీదున్న గేర్‌బాక్సు మెల్లగా పక్కకి పోయింది.

ముందు నాకు అర్థం కాలేదు. గేర్‌బాక్సు ఎక్కడికి పోతుంది? తల తిప్పి చూశాను. ముందు చక్రం తిరుగుతోంది. నా వైపు తిరుగుతోంది. దానికింద చిన్న గులకరాయి ఒకటి పటుక్కుమంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు అర్థమైంది, అంతా ఒక్కసారిగా. బండిని పట్టుకున్నవి రెండే. రాయి ఒకటి, గేరు ఒకటి. గేరు పట్టుకునేది క్లచ్ చచ్చి ఉన్నంతసేపే. ఆ చచ్చిన క్లచ్‌ని పొద్దున్నుంచీ కూర్చుని బతికించింది నేను. పెడల్ తొక్కితే లంకె విడిపోతుందని ఇప్పుడే మీకు చెప్పానే, అదే. విడిపోయింది. ఇక రాయి ఏమైందో నాకు తెలియదు, లేదని మాత్రం తెలుస్తోంది.

వదులు అనాలి. ఒక్క మాట. ఆవిడ కాలు ఎత్తితే చాలు, గేరు మళ్లీ పట్టుకుంటుంది. నేను నోరు తెరిచాను. వీధి చివరిదాకా వినబడే నా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నా చేతిలో పానా ఉంది, మర మీదే ఉంది, దాన్ని పావు వంతు తిప్పినా ఒత్తిడి పోయి బండి ఆగుతుంది. ఈ సంగతి బాగియోలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నా చెయ్యి కొయ్యబారిపోయింది. నేను పానా పట్టుకుని, నోరు తెరుచుకుని, చక్రం రావడం చూస్తూ ఉన్నాను.

రబ్బరు నా కుడి తొడకి తగిలింది. తగిలి, ప్యాంటు బట్టని కిందికి లాక్కుంటూ నొక్కడం మొదలుపెట్టింది.

ఇంజను ఒక్కసారి దభీమంది. బండి మొత్తం కుదుపుతో ఆగిపోయింది.

తరవాత చప్పుడు లేదు. పైన మంచులో ఎక్కడో జనాన్ని మోసే జీప్నీ బండి ఒకటి వాలు ఎక్కలేక మూలుగుతోంది. నా తొడ చక్రానికీ నేలకీ మధ్య బిగుసుకుని ఉంది. నొప్పి ఇంకా రాలేదు.

"సెబియో?"

నేను పలకలేదు.

"కాలు ఎత్తేశాను," అంది అడెల్ఫా. "నువ్వు చెప్పకుండానే ఎత్తేశాను. బండి ఏదో కదిలినట్టయింది. మళ్లీ గాలి పోయిందా లోపలికి?"

నేను పలకలేదు. పలకలేను.

"తిట్టు. ఏం, తిట్టవేం?" ఆవిడ గొంతు మారిపోయింది. "సెబియో! తిట్టవయ్యా నన్ను! దేవుడా, ఏదో ఒకటి అనవయ్యా!"

తలుపు తెరుచుకుని ఆవిడ దూకిన చప్పుడు వినిపించింది. నా కాళ్లు చూసింది, చక్రం చూసింది. ఆవిడ పెట్టిన కేకకి వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. మా పెళ్లయ్యాక అడెల్ఫా కేక పెట్టడం నేను వినడం అదే మొదలు.

గాస్పర్ పరుగెత్తుకుంటూ ఈ వైపుకి వచ్చి, నా కాళ్లు చూసి నిలువునా పాలిపోయాడు. వాడి చంకలో రాయి అలాగే ఉంది. వదిలేసిన బుట్టలోంచి కోళ్లు దొర్లుకుంటూ వాలులో కిందికి పోతున్నాయి. వాడు ముందుగా బండి వెనక్కి పరుగెత్తి ఆ రాయిని చక్రం కిందికి తోశాడు, పక్కింటివాళ్లు ఇంకో రెండు తెచ్చి పెట్టారు. తరవాత అందరూ కలిసి కత్తితో ప్యాంటు కోసి నన్ను బయటికి లాగారు. ఎముక విరగలేదు. తొడ మీద రబ్బరు గీతలు అచ్చు గుద్దినట్టు పడ్డాయి, అంతే. ఇంకొక్క జానెడు వచ్చి ఉంటే నడుం మీదికెక్కేది.

నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టారు. గాస్పర్ నా ముందు కూలబడి తల బాదుకున్నాడు.

"నువ్వే ఎక్కి కూర్చున్నావనుకున్నాను మనోంగ్! అయిపోయిందన్నావు కదా, పెడల్ కొడుతున్నావనుకున్నాను. మూటలు అడ్డం, సీట్లో ఎవరున్నారో కనబడలేదు. నా చెయ్యి దానంతటదే పోయి రాయి తీసేసింది."

"ఆయన అరుపు వినబడలేదురా?" అని అడిగింది నేను కాదు, అడెల్ఫా. "కింద నుంచి అరుస్తున్నాడు కదా మీ బావ."

"ఆయన అరుపు ఎప్పుడూ ఉండేదే కదా మనాంగ్! ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరు చూస్తారు?" అని వాడు భోరుమన్నాడు. "వెనక్కి జారితే, ఎత్తు మీద బండి తీసేటప్పుడు కాస్త జారడం మామూలే కదా అని పక్కకి తప్పుకున్నాను. నన్ను కొట్టు మనోంగ్. తిట్టు. ఊరుకోకు, నాకు భయంగా ఉంది."

వీధంతా నేను తిడతానని చూస్తోంది. నేను వాడి భుజం తట్టాను. దానికి వాడు ఇంకా ఏడ్చాడు. పక్కింటామె వాణ్ణి లేపి, "ముందు ఆ కోళ్లని పట్టు పో," అని కిందికి పంపింది. జనం కూడా ఒక్కొక్కరే పోయారు.

అడెల్ఫా నా పక్కన కూర్చుంది. చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది, నాకివ్వడం మరిచిపోయింది.

"నీ వల్లే బతికాను," అన్నాను. ఎలాగో వచ్చింది గొంతు. "చెప్పేదాకా ఎత్తొద్దన్నాను. ఎత్తి మంచి పని చేశావు."

"అలా అనకు."

"ఎందుకు? నిజమే కదా."

"అలా అనకు సెబియో." ఆవిడ గ్లాసు కింద పెట్టింది. నా వైపు చూడలేదు. "బండి కదిలింది. నాకు తెలిసింది, కదులుతోందని. నువ్వు అరుస్తావని చూశాను. ప్రతిదానికీ అరుస్తావు కదా. నువ్వు అరవలేదు."

"నోరు పెగల్లేదు."

"అరవలేదంటే నీకేదో అయిందని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైనాక కూడా కాలు ఎత్తలేదు నేను."

నేను ఆవిడ మొహంలోకి చూశాను.

"చంపాలని కాదు," అంది. "దేవుడి మీద ఒట్టు, అది కాదు. ఎంత నిశ్శబ్దంగా ఉందో. ఇన్నేళ్లలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు నేను. హాయిగా ఉంది. ఒక్క క్షణం. ఒక్క క్షణం అలాగే తొక్కి పట్టుకుని కూర్చున్నాను. తరవాత ఒళ్లు జలదరించి కాలు తీసేశాను."

నా తొడలో నొప్పి అప్పుడు మొదలైంది. చక్రం వస్తున్నప్పుడు కూడా నా గుండె అలా ఆగలేదు. నేను కట్టుకున్న మనిషి, చీమ చస్తే అయ్యో అనే మనిషి, నా కంచంలో మాంసం ముక్క వేసి నన్ను వదిలిపోతున్నానని చెప్పిన మనిషి. ఆవిడ మీద కోపం కోసం లోపల వెతుక్కున్నాను. ఎప్పుడూ వెతక్కుండానే దొరికేది. దొరకలేదు.

"వెళ్లకు," అన్నాను.

ఆవిడ చటుక్కున తలెత్తింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "నీకు ఇంత మెల్లగా మాట్లాడ్డం వచ్చా? ఇన్నేళ్లూ ఎక్కడ దాచావు?"

"వెళ్లకు అడెల్ఫా. ఉండిపో."

"ఆదివారం అనాల్సింది. ఆదివారం నేను ఎంతసేపు ఎదురుచూశానో నీకు తెలీదు, నువ్వు అరుస్తూనే ఉన్నావు." రెండు అరచేతులతో మొహం గట్టిగా తుడుచుకుంది. "అప్పుడైతే నిన్ను చూస్తే విసుగు, అంతే. ఇప్పుడు నన్ను చూస్తేనే నాకు భయంగా ఉంది. ఈ కాలు మళ్లీ ఎప్పుడు ఏం చేస్తుందో నాకు తెలీదు. నన్ను దింపు సెబియో. నువ్వే దింపు."

గాస్పర్ కోళ్లని పట్టుకొచ్చాడు, ఒకటి దొరకలేదు. నేను కుంటుకుంటూ పోయి మరకి రబ్బరు టోపీ తొడిగి, నూనె డబ్బా మూత బిగించి, చేతులు తుడుచుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అడెల్ఫా ఎక్కి నా పక్కన ముందు సీట్లో కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని దారి వైపు చూసింది.

క్లచ్ మీద కాలు పెట్టాను. ఎక్కడో ఒక్క బుడగ మిగిలి ఉండాలి, పెడల్ మెత్తగా నేలకి జారిపోవాలి అని కోరుకున్నాను. నా పనిలో తప్పు ఉండాలని నేను కోరుకోవడం జీవితంలో అదొక్కసారే. తొక్కాను. గట్టిగా, నిండుగా కాలికి తగిలింది. ఇంజను స్టార్ట్ చేసి, గేరు తీసి మళ్లీ వేశాను, చిన్న చప్పుడు కూడా లేకుండా పడింది.

"పోనివ్వు," అంది అడెల్ఫా.